డాలర్‌న్నర ఎవరిది? ప్రీపెయిడ్ రీఛార్జి మీద 911 ఫీజు: ఒక కేసు మొత్తం వివరంగా

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎవరైనా షాపుకెళ్లి ప్రీపెయిడ్ ఫోన్‌కి రీఛార్జి చేయించుకుంటే, ఆ రీఛార్జి 10 డాలర్లయినా 50 డాలర్లయినా దాని మీద 1.50 డాలర్లు 911 ఫీజు కట్టాలి (911 అంటే అక్కడ పోలీసుకీ అంబులెన్సుకీ ఫైర్‌కీ చేసే అత్యవసర నంబరు). వసూలు చేయాల్సింది ఫోన్ కంపెనీ కాదు, కౌంటర్ వెనక నిలబడి అమ్మేవాడు. నెలంతా వసూలైనది తర్వాతి నెల 20వ తేదీలోపు రాష్ట్ర రెవెన్యూ శాఖకి కట్టాలి. రూల్ ఇంతే. ఈ చిన్న రూల్ ఒక గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) ఓనర్‌ని ఎంత ఇబ్బందిలో పడేసిందో, విశాఖలో కూర్చుని మేం దాన్ని ఎలా సరిచేశామో రాస్తున్నాను. అమెరికా షాపుల లెక్కలు చూసే వాళ్లు మన ఊళ్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు, సిరిపురం నుంచి రుషికొండ దాకా ప్రతి రెండో బిల్డింగులో ఒక అకౌంటింగ్ ఆఫీసు కనిపిస్తుంది, వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. క్లయింట్‌ని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను.

క్లయింట్ అనకాపల్లి వైపు మనిషి. చాలా ఏళ్ల క్రితం వెళ్లి, ఒక్కొక్కటిగా పెంచుకుంటూ, జార్జియాలో నాలుగు, సరిహద్దు దాటాక ఫ్లోరిడాలో ఒకటి, మొత్తం అయిదు గ్యాస్ స్టేషన్ షాపులు నడుపుతున్నాడు. ఈ షాపుల్లో పాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లతోపాటు ప్రీపెయిడ్ ఫోన్లు, రీఛార్జి పిన్‌లు (ఫోన్‌లో కొడితే బ్యాలెన్స్ పడే నంబర్లు) కూడా అమ్ముతారు. జార్జియాలో రెండు షాపులు అమ్మేద్దామనుకున్నాడు. బేరం కుదిరింది, అడ్వాన్సు కూడా చేతులు మారింది. అప్పుడు కొనేవాళ్ల సీపీఏ (అక్కడి లైసెన్సున్న అకౌంటెంటు) పంపిన పత్రాల లిస్టులో, సేల్స్ టాక్స్ రిటర్నులు, లాటరీ అకౌంటు స్టేట్‌మెంట్లతోపాటు, ఒక లైను ఉంది: గత మూడేళ్ల ప్రీపెయిడ్ 911 ఫీజు రిటర్నులు. అలాంటి రిటర్ను ఒకటుందని కూడా మనవాడికి తెలీదు.

కొనేవాళ్లు ఎందుకు అడిగారో ముందు చెప్పాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వ్యాపారం కొన్నవాడి మీదకి పాత ఓనర్ కట్టని అమ్మకపు పన్నుల బాకీ రావచ్చు. అందుకే తెలివైన సీపీఏ ఎవరైనా ఈ చిన్న ఫీజుల్నే ముందు తవ్వుతాడు, సేల్స్ టాక్స్ అందరూ కడతారు, దీన్నే మర్చిపోతారు. బేరం ఆగిపోయింది. ఓనర్‌కి టెన్షన్ పట్టుకుంది. మాకు ఫోను వచ్చింది.

ప్రీపెయిడ్‌కే ఎందుకీ తలనొప్పి

911కి మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో వెళ్లింది. ఆ తర్వాత దేశమంతా పాకిన ఈ వ్యవస్థకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, చాలావరకు ఫోన్ బిల్లు నుంచే. ల్యాండ్‌లైన్ బిల్లులో నెలకి ఇంత అని ఒక లైను, తర్వాత సెల్‌ఫోన్ బిల్లులో కూడా అదే లైను. ఫోన్ కంపెనీ వసూలు చేసి ప్రభుత్వానికో స్థానిక 911 బోర్డుకో కట్టేది. కాల్ ఎత్తేవాళ్ల జీతాలు, కాల్ ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించే పరికరాలు, అంబులెన్సుకీ పోలీసుకీ ఫైర్‌కీ సమాచారం పంపే రేడియోలు, ఇవన్నీ ఆ డబ్బుతోనే.

ప్రీపెయిడ్ వచ్చాక ఈ లెక్క తప్పింది. ప్రీపెయిడ్‌కి నెలవారీ బిల్లే లేదు, ఫీజు ఏ కాగితం మీద వేస్తారు? అడ్రసు లేదు, ఒక్కోసారి పేరు కూడా లేదు. కస్టమర్ పెద్ద స్టోర్‌లో ఫోన్ కొంటాడు, మూలనున్న షాపులో పిన్ కొంటాడు, ఫోన్ కంపెనీకి అతనెవరో తెలియదు. కానీ ప్రమాదం జరిగితే అతను కూడా 911కే ఫోన్ చేస్తాడు. ఇంకో సంగతి, అమెరికా ఫెడరల్ రూల్స్ ప్రకారం ప్లాన్ లేని ఫోన్ నుంచి వచ్చిన 911 కాల్ అయినా నెట్‌వర్క్ కలపాల్సిందే, అంటే బ్యాలెన్స్ అయిపోయినవాడికి కూడా ఈ సేవ అందుతుంది. అందాలి కూడా.

మొదట్లో రాష్ట్రాలు రకరకాల దారులు వెతికాయి. కస్టమర్ బ్యాలెన్స్‌లోంచి నెలనెలా కోసుకోమన్నారు కొందరు. కంపెనీకి ప్రీపెయిడ్ మీద నెలలో వచ్చిన మొత్తం ఆదాయాన్ని 50 డాలర్లతో భాగించి, వచ్చిన సంఖ్యని ఫీజుతో గుణించి కట్టమన్నారు ఇంకొందరు, అంటే ప్రతి 50 డాలర్లకీ ఒక కస్టమర్ ఉన్నట్టు ఊహించుకోవడం. ఇవి కోర్టులకెక్కాయి. ప్రీపెయిడ్‌లో పెద్ద పేరున్న ట్రాక్‌ఫోన్ కంపెనీ చాలా రాష్ట్రాల్లో కేసులు నడిపింది. 2010లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ కట్టాల్సిందేనంది. 2013లో టెక్సస్ సుప్రీంకోర్టు, నెలవారీ బిల్లు కోసం రాసిన పాత చట్టం ప్రీపెయిడ్‌కి వర్తించదని తేల్చింది. అప్పటికే టెక్సస్ కొత్త చట్టం తెచ్చుకుంది కాబట్టి ఇబ్బంది పాత సంవత్సరాలకే పరిమితమైంది.

ఆ కొత్త చట్టం లాంటివే ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. రాష్ట్ర శాసనసభల జాతీయ వేదిక 2009లో ఒక నమూనా చట్టం తయారుచేసింది. దాని సారం, ఫీజుని అమ్మకం జరిగే కౌంటర్ దగ్గరే వసూలు చేయండి అని. టెక్సస్ 2010 జూన్ 1 నుంచి అమ్మకం ధర మీద 2 శాతం పెట్టింది. జార్జియా ఒక్కో అమ్మకానికి ఇంత అని స్థిరమైన మొత్తం పెట్టింది, ముందు 75 సెంట్లు, 2019 జనవరి 1 నుంచి 1.50 డాలర్లు. ఫ్లోరిడా 2015 నుంచి 40 సెంట్లు. పెన్సిల్వేనియా 1.65 డాలర్లు ఉండేది, 2024 మార్చిలో 1.95 చేసింది. ఇల్లినాయిలో 3 శాతం, అదే రాష్ట్రంలోని షికాగో నగరంలో 9 శాతం. రాష్ట్రం మారితే రేటే కాదు, లెక్కకట్టే పద్ధతే మారిపోతుంది. మన క్లయింట్ కథలో సగం ఇబ్బంది ఇక్కడి నుంచే వచ్చింది.

కౌంటర్లో ఏం జరిగింది

మేం మొదట అడిగింది రిటర్నులు కాదు, రసీదులు. ప్రతి షాపు నుంచీ ఒక ఫోన్ అమ్మిన రసీదు, ఒక రీఛార్జి రసీదు, ఫోనూ నిమిషాలూ కలిపి ప్యాకెట్‌గా అమ్మిన రసీదు ఫొటో తీసి పంపమన్నాం. ఇలాంటి కేసు వస్తే మీరూ ముందు ఇదే అడగండి. పుస్తకాల్లో ఏం రాశారన్నది తర్వాత, కస్టమర్ చేతికి ఏ కాగితం వెళ్లిందన్నదే ఈ చట్టంలో అసలు సాక్ష్యం.

ఫొటోలు చూడగానే మూడు రకాల తప్పులు బయటపడ్డాయి.

జార్జియాలో మూడు షాపుల్లో, ప్యాకెట్ ఫోన్ అమ్మితే 911 ఫీజు పడుతోంది, రీఛార్జి అమ్మితే పడటం లేదు. కారణం చాలా మామూలుది. ఫోన్ ప్యాకెట్‌కి బార్‌కోడ్ ఉంది, బిల్లింగ్ మెషీన్‌లో ఆ బార్‌కోడ్‌కి ఫీజు కట్టి ఉంది. రీఛార్జి పిన్ మాత్రం పక్కనున్న వేరే టెర్మినల్‌లోంచి వస్తుంది, దాన్ని అమ్మినప్పుడు క్యాషియర్ మెయిన్ మెషీన్‌లో ‘ఫోన్ కార్డ్’ అని ఒక బటన్ నొక్కి మొత్తం కొడతాడు. ఆ బటన్ ఒకప్పుడు విదేశీ కాలింగ్ కార్డుల కోసం పెట్టింది. కాలింగ్ కార్డు అంటే ఏ ఫోన్ నుంచైనా ఒక నంబరు నొక్కి ఇండియాకి మాట్లాడుకునేది, అది మొబైల్ సర్వీసు కాదు కాబట్టి ఈ ఫీజు పడదు. కాలింగ్ కార్డులు కొనేవాళ్లు దాదాపు లేకుండా పోయారు, బటన్ మాత్రం ఉండిపోయింది, దాని కిందకి రీఛార్జులన్నీ వచ్చి చేరాయి.

వసూలైన కొద్ది ఫీజు కూడా ఎక్కడికీ వెళ్లలేదు. ప్యాకెట్ ఫోన్ల మీద పడిన 1.50లన్నీ నెలాఖర్లో ‘ఇతర ఆదాయం’లోకి వెళ్లి కూర్చున్నాయి. ఇది చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఎవరో ఒక తల్లి తన పిల్లాడికి ఊపిరాడటం లేదని ఫోన్ చేస్తే ఎత్తాల్సిన మనిషి జీతం అది.

జార్జియాలోని నాలుగో షాపు ఓనర్ బావమరిది చూసుకుంటాడు. అతను తన పద్ధతిలో సులువు చేసుకున్నాడు. 30 డాలర్ల రీఛార్జిని 32 డాలర్లకి అమ్ముతున్నాడు, అన్నీ కలిపి. రసీదు మీద ఒకే అంకె. టాక్స్ ఎంత, 911 ఎంత అని విడగొట్టలేదు. ‘అన్నీ అందులోనే ఉన్నాయండీ’ అన్నాడు ఫోన్‌లో. ఎందులో ఎంత ఉందో అతనికే తెలియదు.

ఫ్లోరిడా షాపుకి జార్జియా మెషీన్ సెట్టింగుల్ని కాపీ చేసి పెట్టారు. అక్కడ వసూలు చేయాల్సింది 40 సెంట్లు, చేసింది 1.50. అంటే ప్రతి ప్యాకెట్ మీద 1.10 డాలర్లు ఎక్కువ. రీఛార్జుల మీద మామూలే, సున్నా.

‘వసూలే చెయ్యలేదు కదా’

ఓనర్‌తో మొదటిసారి వివరంగా మాట్లాడినప్పుడు మనకి రాత్రి, ఆయనకి ఉదయం. ఆయన అన్నది ఇది: ‘ఏటి బాబూ, వసూలే చెయ్యని డబ్బు నేనెందుకు కట్టాలి? రీఛార్జి మీద నేనెవడి దగ్గరా ఒక్క సెంటు తీసుకోలేదు కదా. పది డాలర్ల రీఛార్జి అమ్మితే నాకు మిగిలే కమీషన్ డాలర్ కూడా రాదు. దాని మీద డాలర్‌న్నర నేను ఎదురు కట్టాలా?’

న్యాయంగా వినిపించే మాటే. పైగా చట్టంలో మొదటి సగం ఆయన వైపే ఉంది, ఈ ఫీజు కట్టాల్సిన బాధ్యత కస్టమర్‌ది, అమ్మేవాడిది కాదు అని స్పష్టంగా రాసి ఉంది. కానీ అదే వాక్యం ఇంకా సాగుతుంది. అమ్మేవాడు వసూలు చేసినదంతా కట్టాలి, రసీదు మీద విడిగా చూపించకపోతే వసూలు చేసినట్టే లెక్క. నమూనా చట్టంలోనూ, జార్జియా చట్టంలోనూ ఈ రెండో సగం ఉంది. అంటే ‘నేను తీసుకోలేదు’ అన్న మాట అక్కడ చెల్లదు. రసీదులో లైను లేదంటే, ఆ డాలర్‌న్నర మీ ధరలోనే ఉందని చట్టం అనుకుంటుంది.

‘గారూ, మీరు తీసుకోలేదని నాకు తెలుసు, మీకు తెలుసు. కానీ రసీదు చూసినవాడికి తెలియదు’ అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఎంతవుద్ది?’ అన్నారు.

ఎంతవుతుందో ఉజ్జాయింపుగా చూపించాలంటే, నెలకి 200 రీఛార్జులు అమ్మే షాపు ఒకటి అనుకోండి. 200 ఇంటూ 1.50, నెలకి 300 డాలర్లు. మూడేళ్లకి 10,800. అలాంటి షాపులు నాలుగుంటే 43,200. దీని మీద వడ్డీ, పెనాల్టీ వేరే. చిల్లర అనిపించే ఫీజు ఇలా పోగవుతుంది. అసలు అంకెలు క్లయింట్‌వి, అవి రాయను, కానీ ఆయన అమ్మబోయే షాపుల బేరాన్ని కదిలించేంత పెద్దవే.

అంకె కంటే ముందు ఇంకొకటి ఆయనకి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. తీసుకోని డబ్బుని కట్టడం వేరు, తీసుకుని కట్టకపోవడం వేరు. ప్యాకెట్ ఫోన్ల మీద రసీదులో 911 అని రాసి మరీ తీసుకున్న డబ్బు ఉంది, అది మొదటి రోజు నుంచీ ఆయనది కాదు. మొత్తంలో అది చిన్న భాగమే, కానీ రాష్ట్రం దాన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది. అందుకే దాన్ని వేరే షీట్‌లో పెట్టి, ముందు దాని లెక్క తేల్చాం.

మూడు కాగితాలు పక్కపక్కన

లెక్క కట్టడానికి బిల్లింగ్ మెషీన్ డేటా పనికిరాదు, ఎందుకంటే ‘ఫోన్ కార్డ్’ బటన్ కింద ఏది రీఛార్జో ఏది కాలింగ్ కార్డో అది చెప్పదు. పనికొచ్చింది టెర్మినల్ కంపెనీ నెలనెలా పంపే కమీషన్ స్టేట్‌మెంటు. అందులో ప్రతి పిన్‌కీ ఒక లైను ఉంటుంది: తేదీ, షాపు నంబరు, ఏ కంపెనీ, ఎంత మొత్తం. కమీషన్ ఇవ్వాలి కాబట్టి వాళ్లు ఒక్క పిన్ కూడా వదలరు. ఓనర్ ఆ స్టేట్‌మెంట్లని బ్యాంకులో కమీషన్ పడిందా లేదా చూడటానికి తప్ప ఎప్పుడూ తెరవలేదు.

దాన్ని ఒకవైపు, మెషీన్‌లోని రోజువారీ అమ్మకాలు ఒకవైపు, ప్యాకెట్ ఫోన్ల కొనుగోలు బిల్లులు ఒకవైపు పెట్టి, నెల తర్వాత నెల టిక్కు కొట్టుకుంటూ వెళ్లాం. క్యాన్సిల్ అయిన పిన్‌లు తీసేయాలి, అవి రెండు లైన్లుగా వస్తాయి, ఒకటి ప్లస్ ఒకటి మైనస్, తొందరలో చూస్తే రెండు అమ్మకాలనుకుంటాం. కాలింగ్ కార్డులు తీసేయాలి. గేమ్ కార్డులు, గిఫ్ట్ కార్డులు కూడా అదే టెర్మినల్‌లోంచి వస్తాయి, వాటికీ ఈ ఫీజుకీ సంబంధం లేదు.

నెలంతా అన్‌లిమిటెడ్ ప్లాన్‌ల దగ్గర మా ఆఫీసులో చిన్న చర్చ నడిచింది. చట్టాల్లో ప్రీపెయిడ్ అంటే ముందే పూర్తిగా డబ్బు కట్టి, నిర్ణీత యూనిట్లుగానో డాలర్లుగానో కొన్నది, వాడేకొద్దీ తగ్గేది అని రాసి ఉంటుంది. అన్‌లిమిటెడ్‌లో ఏం తగ్గుతుంది? మా టీమ్‌లో ఒకమ్మాయి ఇది పట్టుకుని, ఆ ప్లాన్‌లని లెక్కలోంచి తీసేయొచ్చు కదా అంది. మంచి ప్రశ్న. కానీ ఈ వాదనతో డబ్బు తగ్గించుకోవాలని చూస్తే, ఆ ప్లాన్ ప్రీపెయిడ్ కాకపోతే మరేంటి అన్న ప్రశ్న వస్తుంది, రోజులు యూనిట్లు కావా అన్న ప్రశ్న వస్తుంది, పైగా రీఛార్జుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఇవే. స్వయంగా వెళ్లి లెక్క ఒప్పుకుంటున్న మనిషి తరఫున ఇలాంటి సందు వెతకడం నాకు నచ్చలేదు, క్లయింట్‌కీ మంచిది కాదు. లెక్కలో ఉంచాం.

ఎదురు వాదన నిలబడిన చోట మాత్రం వదల్లేదు. ఫోన్‌తోపాటు చాలా కొద్దిగా నిమిషాలు కలిపి ఒకే ధరకి అమ్మితే, 10 నిమిషాలు లేదా 5 డాలర్లు మించకపోతే, ఫీజు వేయకుండా ఉండే వెసులుబాటు నమూనా చట్టంలోనే ఉంది. కొన్ని ప్యాకెట్లు ఆ కిందకి వచ్చాయి. కొనుగోలు బిల్లులతో సహా చూపించి వాటిని తీసేశాం.

ఏ రాష్ట్రం రేటు అన్నది ఇంకో చోట మెలిక పెట్టింది. ఫ్లోరిడా షాపు సరిహద్దుకి దగ్గర, హైవే మీద. కొనేవాళ్లలో చాలామంది జార్జియా నంబర్లవాళ్లు. మరి ఫీజు ఎవరిది? నంబరు ఎక్కడిదన్నది కాదు, మనిషి కౌంటర్ దగ్గర నిలబడి కొంటే ఆ కౌంటర్ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రానిదే. ఆన్‌లైన్‌లో అమ్మితే అప్పుడు అడ్రసు, నంబరు చూడాలి. ఇక్కడ అన్నీ కౌంటర్ అమ్మకాలే, కాబట్టి 40 సెంట్లు.

ఎక్కువ తీసుకున్న 1.10

అందరికంటే ఓనర్‌ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. తక్కువ కట్టడం ఆయనకి అర్థమైంది, ఎక్కువ తీసుకున్న డబ్బు ఏం చేయాలి? ‘కస్టమర్లు వెళ్లిపోయారు కదా, ఇప్పుడెవరికిస్తాం’ అన్నారు. ఫీజు పేరు చెప్పి తీసుకున్న డబ్బు వ్యాపారి దగ్గర ఉండిపోకూడదు, ఎవరి దగ్గర తీసుకున్నామో తెలిస్తే వాళ్లకి తిరిగివ్వాలి, తెలియకపోతే ఎవరి పేరు చెప్పి తీసుకున్నామో వాళ్లకే కట్టాలి. కార్డుతో కొన్నవాళ్లకి వెనక్కి వేయగలిగినవి వేశాం. మిగిలింది ఫ్లోరిడాకి కట్టే మొత్తంలో కలిపి, ఎందుకు కలిపామో లెటర్‌లో రాశాం. జార్జియా బాకీలోంచి దీన్ని తగ్గించుకుందామని ఒక సలహా వచ్చింది, ఒప్పుకోలేదు. రెండు రాష్ట్రాలు, రెండు ఖజానాలు.

చాలా రాష్ట్రాల్లో, అధికారులు పట్టుకోకముందే మనంతట మనం వెళ్లి బాకీ ఒప్పుకుంటే పెనాల్టీ తగ్గించి, వెనక్కి చూసే సంవత్సరాలకి హద్దు పెట్టే ఏర్పాటు ఉంటుంది. నోటీసు వచ్చాక ఆ తలుపు మూసుకుంటుంది. అసలు రిటర్నే వేయకపోతే కాలపరిమితి మొదలే కాదు, ఎన్నేళ్లయినా వెనక్కి వెళ్లొచ్చు, అందుకే ఈ హద్దుకి అంత విలువ. మనవాడికి అదృష్టవశాత్తూ ఇంకా నోటీసు రాలేదు. కొనేవాళ్ల సీపీఏ అడిగిన ప్రశ్నే ఆయన్ని కాపాడింది. వసూలు చేసి కట్టని భాగానికి పెనాల్టీ మాఫీ ఆశించొద్దని ముందే చెప్పాం, ఆ మొత్తాన్ని మేమే విడిగా చూపించాం. మామూలుగా అమ్మేవాడు తన శ్రమకి జార్జియాలో 3 శాతం, ఫ్లోరిడాలో 5 శాతం ఉంచుకోవచ్చు, పాత నెలలకి మేం దాన్ని అడగలేదు.

అక్కడ సంతకం పెట్టాల్సిన సీపీఏ ఉన్నాడు, మేం ఇక్కడి నుంచి ఆయనకి వర్కింగులన్నీ తయారుచేసి ఇచ్చాం. అట్లాంటాకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా. ఒక రకంగా ఇది కలిసొచ్చింది, ఆయన సాయంత్రం పంపిన ప్రశ్నకి ఆయన నిద్ర లేచేసరికి జవాబు ఉండేది. బేరం కొంచెం ఆలస్యంగానైనా పూర్తయింది. బాకీకి సరిపడా మొత్తాన్ని కొన్నాళ్లు మూడోవాళ్ల దగ్గర ఉంచి, రాష్ట్రం నుంచి పత్రం వచ్చాక విడుదల చేసుకున్నారు.

ఈ ఫీజు న్యాయమైనదేనా

కేసు చేస్తున్నన్నాళ్లూ ఇది నా బుర్రలో తిరిగింది. స్థిరమైన ఫీజుతో సమస్య ఉంది. స్టేట్‌మెంట్లు లైను లైనుగా చూస్తే మనుషులు కనిపిస్తారు, ఒకే షాపులో శుక్రవారం శుక్రవారం పది పది డాలర్ల రీఛార్జులు వరసగా పడుతుంటాయి, జీతం వారానికోసారి వచ్చేవాళ్లు. నెలకి నాలుగుసార్లు 10 డాలర్లు వేయించుకునేవాడు జార్జియాలో 6 డాలర్లు 911 ఫీజు కడతాడు, 40 డాలర్ల వాడకానికి. ఒకేసారి 50 వేయించుకునేవాడు 1.50 కడతాడు. నెలబిల్లు ఫోన్ ఉన్నవాడు కూడా ఒక్కసారే కడతాడు. టెక్సస్ పద్ధతిలో 10 డాలర్ల మీద 20 సెంట్లు, 50 మీద డాలరు, ఎన్ని ముక్కలు చేసినా మొత్తం అంతే. చేతిలో తక్కువ డబ్బున్నవాడి మీద ఎక్కువ భారం పడకూడదనుకుంటే శాతమే మేలని నా అభిప్రాయం. శాతంలో ఒక ఇబ్బంది, రీఛార్జి ధరలు తగ్గితే 911 ఆదాయమూ తగ్గుతుంది, కానీ కాల్ సెంటర్ ఖర్చు తగ్గదు. రేటు ఎప్పటికప్పుడు చూసుకుంటే అది సర్దుకునే ఇబ్బందే.

ఇంకా పెద్ద ప్రశ్న, కట్టిన డబ్బు అక్కడికే వెళ్తోందా? 2008 నాటి చట్టం ప్రకారం ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) ప్రతి సంవత్సరం ఏ రాష్ట్రం ఎంత 911 ఫీజు వసూలు చేసింది, దేనికి ఖర్చు పెట్టింది అని అమెరికా పార్లమెంటుకి నివేదిక ఇవ్వాలి. ఏటా వసూళ్లు 300 కోట్ల డాలర్లకి పైనే ఉన్నాయి. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు ఈ డబ్బుని వేరే పనులకి మళ్లించాయని ఆ నివేదికలు పేరు పెట్టి మరీ రాశాయి. చివరికి 2020 డిసెంబరులో ఇంకో చట్టం తెచ్చి, మళ్లించడమంటే ఏమిటో నిర్వచించమని ఎఫ్‌సీసీకి చెప్పారు, 2021లో రూల్స్ వచ్చాయి. ఓనర్ కూడా ఇదే అడిగారు, ‘వాళ్లే వేరేదానికి వాడుకుంటే నేనెందుకు కట్టాలి?’ అని. ఆయన రాష్ట్రంలో 911 కోసం 2018లో ప్రత్యేక సంస్థ పెట్టారని, డబ్బు కౌంటీలకీ నగరాలకీ వెళ్తుందని చెప్పాను. రాష్ట్రం తప్పు చేస్తే అడగడానికి దారులున్నాయి, కానీ మన గల్లాపెట్టెలో ఉంచుకోవడం ఆ దారుల్లో ఒకటి కాదు.

మా టీమ్‌లో కుర్రాళ్లు అడిగిన ప్రశ్న వేరు: మన దగ్గర ఎలా? మనం 299 రూపాయల రీఛార్జి చేయిస్తే అందులో 18 శాతం జీఎస్టీ ఉంది, సుమారు 45 రూపాయల 61 పైసలు. అది అన్ని పన్నులతోపాటు కలిసిపోతుంది, 108కి ఇంత, 112కి ఇంత అని అందులో గీత లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 ప్రభుత్వ బడ్జెట్ డబ్బుతో నడుస్తుంది, 112 వ్యవస్థకి కేంద్రం నిర్భయ నిధి నుంచి డబ్బిచ్చింది. టెలికాం కంపెనీలు తమ సవరించిన ఆదాయంలో 5 శాతం మారుమూల ప్రాంతాల సర్వీసు కోసం కడతాయి, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి, కానీ అది టవర్లకీ కేబుళ్లకీ, కాల్ ఎత్తేవాళ్ల జీతాలకి కాదు.

అయితే అమెరికాలా రీఛార్జి మీద ఫీజు వేయాలా అంటే, అక్కర్లేదనే అంటాను. మన దగ్గర మొబైల్ కనెక్షన్లలో 90 శాతానికి పైగా ప్రీపెయిడే. అమెరికాలో నెలబిల్లు అందరికీ ఉండి ప్రీపెయిడ్ మినహాయింపుగా వచ్చింది కాబట్టి కౌంటర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ కంపెనీలు నాలుగైదే, రీఛార్జి ధరలో పన్ను ముందే కలిసి ఉంటుంది, పెదవాల్తేరులో పాన్‌షాపువాడి చేత రిటర్నులు వేయించాల్సిన అవసరమే లేదు. కావాల్సింది లెక్క కనబడటం. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత ఫోన్లు పనిచేయని రోజులు ఈ ఊరివాళ్లకి గుర్తున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు జనం పరుగెత్తుతూ ఫోన్లు చేసిన సంగతీ గుర్తుంది. అలాంటి సమయంలో అటువైపు ఎత్తే సీట్లు ఎన్ని, వాటికి ఏటా ఎంత పెడుతున్నారు, ఇది మనం అడిగితే సులువుగా దొరకాల్సిన లెక్క.

ఇప్పుడు నెలనెలా

క్లయింట్ దగ్గర మిగిలిన షాపుల్లో ‘ఫోన్ కార్డ్’ బటన్ తీసేయించాం. రీఛార్జికి ఒకటి, కాలింగ్ కార్డుకి ఒకటి, వేర్వేరు బటన్లు. రీఛార్జి నొక్కితే 911 లైను దానంతటదే రసీదు మీద పడుతుంది, క్యాషియర్ దాన్ని తీసేయలేడు. ఫ్లోరిడా షాపుకి వేరే సెట్టింగు. బావమరిది షాపులో రౌండ్ ధరలు మానేశారు, మొదటి వారం కస్టమర్లు గొణిగారట, ఇప్పుడు రసీదు చూపిస్తే సరిపోతోంది. వసూలైన ఫీజు ఆదాయంలోకి కాకుండా నేరుగా బాకీ ఖాతాలోకి వెళ్తుంది, ప్రతి నెలా టెర్మినల్ స్టేట్‌మెంటులోని పిన్‌ల సంఖ్యతో దాన్ని సరిపోల్చాకే రిటర్ను వేస్తాం.

ఈమధ్య ఆ సంఖ్య తగ్గుతోంది. జనం షాపుకి రాకుండా ఫోన్ కంపెనీ యాప్‌లోనే రీఛార్జి చేసుకుంటున్నారు, అప్పుడు అమ్మేది కంపెనీ కాబట్టి ఫీజు వసూలు చేసి కట్టే పని కూడా దానిదే. రిటర్నులో మొత్తం ఉన్నట్టుండి పడిపోతే శాఖ నుంచి ప్రశ్న రావచ్చు. అందుకని ప్రతి నెల ఫైల్‌లో టెర్మినల్ స్టేట్‌మెంటు కాపీ పెడుతున్నాం, ఎన్ని పిన్‌లు అమ్మారో అన్నిటికే ఫీజు కట్టామని చూపించడానికి. ఇలాంటి షాపుల లెక్కలు మీ దగ్గరుంటే, ఈ నెల రిటర్ను వేసేముందు ఒక్క రీఛార్జి రసీదు తెప్పించి చూడండి.